చిప్స్ షాపు గోడ మీది గుడి

కొత్తగా స్టెతస్కోపు మెడలో వేసుకున్న పిల్లలు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి అంకుల్ అని అడుగుతుంటారు. పుస్తకాల్లో కూడా దొరకని జబ్బేదో బయటికి తీస్తానని వాళ్ళ ఆశ. నేను చిప్స్ షాపు ముసలాయన గురించి మొదలుపెడతాను. వాళ్ళ ముఖాలు కాస్త వాడతాయి. అయినా ఆపను. రిటైరైనవాడికి ఆ మాత్రం మొండితనం చెల్లుతుంది.

మా ఇల్లు ఐర్లండులోని నేవన్‌లో. ఉద్యోగం అక్కడికి అరగంట దూరంలో ఇంకో ఊళ్ళో. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా, పెద్ద డాక్టరైన కన్సల్టెంటు కింద పనిచేసే రిజిస్ట్రారుగానే ఉండిపోయాను. కన్సల్టెంటు కావడానికి ఉండాల్సినదేదో నాలో లేదన్నారు. అదేమిటో వాళ్ళు చెప్పలేదు, నేనూ గట్టిగా అడగలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే దారిలో బంగాళాదుంప ముక్కలు వేడివేడిగా వేయించి అమ్మే ఇటలీవాళ్ళ చిప్స్ షాపు ఒకటి ఉండేది. ఆకలి మీద ఉన్నప్పుడు ఆగేవాణ్ణి. నూనె మరిగే మూకుళ్ళ పైన గోడంతా ఒక రంగుల బొమ్మ. కొండ మీద విరిగిన స్తంభాలు, సగం పడిన గోడ, పైన నీలాకాశం. నూనె పొగకు ఆ ఆకాశం పసుపు తిరిగింది. అన్నేళ్ళూ ఆ బొమ్మ కింద నిలబడి వెనిగర్ కాస్త ఎక్కువ వెయ్యమని అడిగానే గానీ, అదేం చోటని ఒక్కసారీ అడగలేదు. రోములో ఏదో ఒకటి అయ్యుంటుందనుకున్నాను.

తర్వాత కోవిడ్ వచ్చింది. మా ఆవిడకు ఉబ్బసం. కోవిడ్ వార్డులో పని చేసి ఇంటికి వెళ్ళి ఆమె పక్కన కూర్చుని అన్నం తినే ధైర్యం నాకు లేకపోయింది. ఆసుపత్రి వెనక వీధిలో, మూతపడిన మంగలి షాపు మీద ఒక గది అద్దెకు తీసుకున్నాను. కిటికీలోంచి చూస్తే ఖాళీ రోడ్డు, ఖాళీ బస్సు, కాపలా కాస్తున్న గార్డులు. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. మాట్లాడే మనిషి లేక కూర తరిగేటప్పుడు కూరతోనే మాట్లాడటం మొదలుపెట్టాను. వంకాయలు శ్రద్ధగా వింటాయి. ఇది నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు నాకు నవ్వు రాలేదు. అరవై దాటాక మొదటిసారి నాకు ఒంటరితనమంటే భయం వేసింది.

వార్డులో మనుషులున్నా అదే పరిస్థితి. గౌను, మాస్కు, దాని మీద ప్లాస్టిక్ ముసుగు. రోగికి కనపడేవి మా కళ్ళు మాత్రమే. బంధువులకు లోపలికి ప్రవేశం లేదు. ఎవరు బతికించారో బతికినవాడికి తెలియదు, ఎవరు చెయ్యి పట్టుకున్నారో పోయినవాడికి తెలియదు.

నాతో ఒక జూనియర్ డాక్టరు ఉండేది, కరీంనగర్ వైపు అమ్మాయి. వార్డులో సార్ అనేది, గుమ్మం దాటగానే అంకుల్ అనేది. మా ఇద్దరికీ ఒక గుప్తభాష కుదిరింది. అప్పట్లో ఊపిరి అందని రోగుల్ని బోర్లా పడుకోబెట్టేవాళ్ళం. అలా పడుకుంటే వీపు వైపు ఊపిరితిత్తులు కాస్త తెరుచుకుని ఆక్సిజన్ అందుతుంది. పసిపిల్లలు మొదటిసారి బోర్లా పడితే మన ఇళ్ళలో బొబ్బట్లు చేసి పంచుతారు కదా. అందుకని, మొరాయించే రోగి ఎవరైనా బోర్లా తిరిగితే నేను ఆ అమ్మాయితో బొబ్బట్లు అనేవాణ్ణి. "మా దిక్కు భక్షాలంటం సార్" అని తను సరిదిద్దేది. ఆ వార్డులో మేం నవ్విన నవ్వులన్నీ దాదాపు దీని మీదే.

అలాంటి రోజుల్లో చిప్స్ షాపు ముసలాయన్ని తీసుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి. మొదట నేను గుర్తుపట్టలేదు. కూతురు ఫోనులో షాపు పేరు చెప్పాక, మీ గోడ మీద ఏదో గుడి ఉంటుంది కదా అన్నాను. ఆ మాటతో ఆమె ఏడ్చింది. ఆమెకూ కోవిడే, ఇంట్లో గది దాటకూడదు. ఐర్లండులో పుట్టి పెరిగిన మనిషి, ప్రతిదానికీ గ్రాండ్ అనే అలవాటు. నాన్న గ్రాండ్‌గానే ఉన్నాడు కదా డాక్టర్ అని అడిగేది. ఈ దేశంలో ఆ మాటకు బాగుంది, పరవాలేదు, ఇక వదిలెయ్ అని చాలా అర్థాలున్నాయి. ఏ అర్థానికి అవునని చెప్పాలో నాకు తెలిసేది కాదు.

మొదటి రోజుల్లో ఆయనకు మాట్లాడే ఓపిక ఉండేది. ఆ గుడి ఏ దేవుడిదని అడిగాను.

"అడిగేవాణ్ణి బట్టి ఉంటుంది డాక్టర్" అన్నాడు.

ఊపిరి అందినప్పుడల్లా కాస్త కాస్తగా ఆయన చెప్పిన కథ ఇది. అది వాళ్ళ ఊరి పైన కొండ మీద, గొర్రెల మందలు వెళ్ళే దారి పక్కన ఉంది. రోమనులు కట్టారు. లోపల ఎవరిని నిలబెట్టారో ఎవరికీ తెలియదు. బడిలో పంతులు ఒక దేవుడి పేరు చెబితే, చర్చి ఫాదరు అది దేవుడే కాదు పొమ్మన్నాడట. రోమనుల దేవుడు పోయాక శిలువ వచ్చింది, గంట వచ్చింది, కొన్ని వందల ఏళ్ళు అది చర్చిగా నడిచింది. భూకంపానికి కప్పు కూలింది. అప్పుడొక జమీందారు ఆ రాళ్ళతో పక్కనే బురుజు కట్టుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు పాలరాయిని పగలగొట్టి బట్టీలో కాల్చి సున్నం చేశారు.

"మా ఊళ్ళో పాత ఇళ్ళన్నీ ఎందుకంత తెల్లగా ఉంటాయో తెలుసా? గోడలకు దేవుళ్ళని పూశారు" అన్నాడాయన.

రెండు స్తంభాలు ఎక్కడో బిషప్పుగారి ఇంటికి తరలిపోయాయి. మిగిలినది మేకల దొడ్డి అయింది. తర్వాత గడ్డి దాచుకున్నారు. చివరకు ప్రభుత్వంవాళ్ళు వచ్చి శుభ్రం చేసి, కంచె వేసి, టికెట్టు పెట్టి, చరిత్రంతా ఒక బోర్డు మీద రాశారు. ఇప్పుడు కోవిడ్ వల్ల దాన్ని మూసేశారనీ, కంచె కింద నుంచి మేకలు మళ్ళీ దూరుతున్నాయనీ ఊళ్ళో ఉన్న బంధువొకడు వీడియో పంపాడట. అది చెప్పినప్పుడు ఆయన కళ్ళు నవ్వాయి. గడ్డికీ ప్రభుత్వానికీ మధ్య ఏదో ఒకటి ఆయన దాటేస్తున్నాడని నాకు అనిపించింది. అడిగేలోపే దగ్గు వచ్చేది.

ఆ తర్వాత పరిస్థితి దిగజారింది. ఆక్సిజన్ ఎంత పెంచినా చాలడం లేదు. ఆ వయసులో, ఆ గుండెతో వెంటిలేటరు పెట్టినా లాభం లేదని ఐసీయూవాళ్ళు వచ్చి చూసి నెమ్మదిగా చెప్పి వెళ్ళారు. ఇక మిగిలిన దారి ఒక్కటే, బోర్లా పడుకోవడం. ఆయన దానికి ససేమిరా ఒప్పుకోలేదు. తిప్పబోతే మా చేతులు విదిలించేవాడు, ఆక్సిజన్ మాస్కు లాగేసేవాడు. ఉన్న కాస్త ఊపిరీ మాతో పెనుగులాడటానికే ఖర్చవుతోంది. ఇలాగే సాగితే ఆయన చనిపోతాడు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

నాకు తోచినట్టు నచ్చజెప్పాను. మా దేశంలో గుడికి వెళితే దేవుడి ముందు బోర్లా పడుకుని దండం పెడతాం, మీరూ అలా అనుకోండి అన్నాను. ఆయన మాస్కు లోంచే జవాబిచ్చాడు.

"మా గుడిలో దేవుడు వెళ్ళిపోయి చాలా కాలమైంది డాక్టర్. ఎవరికి పెట్టను?"



మర్నాటికి ఆయన ఇంగ్లీషు కూడా పోయింది. జ్వరంలో ఇటాలియన్ మాత్రమే మిగిలింది. మేం తిప్పబోయిన ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు. మాస్కు వెనక, యంత్రం హోరులో, అది నాకు స్పష్టంగా వినిపించింది. నాన్నా, నాన్నా అంటున్నాడు.

జూనియర్ అమ్మాయి ఆ పొద్దున ఇంకా డ్యూటీకి రాలేదు. అక్కడున్న అంతమంది మనుషుల్లో ఆ మాట విని ఒళ్ళు జలదరించింది నాకొక్కడికే. ఎనభై ఏళ్ళ మనిషి తండ్రిని పిలుస్తున్నాడు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. కళ్ళు తుడుచుకుందామంటే ముసుగు అడ్డం. బయటికి వచ్చి కూతురికి ఫోన్ చేసి, మీ నాన్నగారు వాళ్ళ నాన్నను తలుచుకుంటున్నారమ్మా అని చెప్పాను. ఏ మాటతో అంటున్నాడని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. తండ్రి అనే అర్థం మాత్రం ఇంగ్లీషులోకి మార్చి ఆమె చేతిలో పెట్టాను.

 అప్పుడు ఆమె చెప్పింది. ఆయన పొట్టలో ఉండగానే తండ్రి యుద్ధానికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. కన్నాక తల్లి కూడా ఎంతోకాలం బతకలేదు. తండ్రి అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదట. ఇప్పుడు పిలుస్తున్నాడంటే అది ఆఖరి ఘడియ అయ్యుంటుందని ఆమె నిర్ణయించుకుంది. ఇటలీలో ఉన్న బంధువుకు ఫోన్ చేసి, ఎవరి పెట్టెలోనో ఉన్న ఫోటో ఒకటి సంపాదించింది. మధ్యాహ్నానికల్లా వార్డులోని టాబ్లెట్ తెర మీద, సైనికుడి దుస్తుల్లో మీసాలు కూడా సరిగ్గా రాని ఒక కుర్రాడు కనిపించాడు. నాన్నా, చూడు, మీ నాన్న అని కూతురు ఇటాలియన్‌లో చెబుతోందని నాకు అర్థమైంది.

ముసలాయన ఆ ఫోటోను చూశాడు. ఎవరో అపరిచితుణ్ణి చూసినట్టు చూసి, ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మాస్కు మీద నుంచి చెయ్యి కూడా తీసేశాడు. పెనుగులాడటం మానేశాడు. పెనుగులాడే రోగి కంటే మానేసిన రోగి డాక్టరును ఎక్కువ భయపెడతాడు. అది మా ఇంటికొచ్చే ఆ కొత్త డాక్టర్లకూ త్వరలోనే తెలుస్తుంది.

జూనియర్ అమ్మాయి నా చెవి దగ్గరకొచ్చి, "సార్, పోతుండు సార్ ఈయన. ఒక్కపారి బోర్ల మలిపి చూద్దామా?" అంది. సరేనన్నాను. ఇద్దరం భుజం కింద చేతులు పెట్టాం. ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి గుసగుసగా. టాబ్లెట్ ఇంకా తెరిచే ఉంది. అందులోంచి కూతురు కేక వేసింది.

"నొన్నా. ఆయన నొన్నా అంటున్నాడు డాక్టర్. అంటే నానమ్మ. తండ్రని మీకెవరు చెప్పారు?"

మా భాష చెప్పిందని ఎలా చెప్పను. మా ఊళ్ళో నాన్న అంటే తండ్రి అని మాత్రం అన్నాను. ఆమెకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. తెలుగు, ఇటాలియన్ దగ్గరి చుట్టాలని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ చుట్టరికం ఒక మనిషి ప్రాణం మీదకు తెచ్చింది.

అప్పుడు ఆమె ఆ గుడి కథలో ఆయన దాటేసిన ముక్క చెప్పింది. యుద్ధంలో బాంబు పడి ఊళ్ళో వాళ్ళ ఇల్లు కూలిపోయింది. నానమ్మ పిల్లవాణ్ణి తీసుకుని కొండ ఎక్కి, గుడిలో మిగిలిన ఆ సగం గదిలో కాపురం పెట్టింది. దొరికిన రాళ్ళతో గోడ పూడ్చింది, మూలన రొట్టెల పొయ్యి కట్టింది, రెండు స్తంభాల మధ్య తాడు కట్టి బట్టలారేసింది. విమానాల చప్పుడు వినపడితే పిల్లవాణ్ణి రాతి నేల మీద బోర్లా పడుకోబెట్టి, వాడి వీపు మీద తను పడుకునేది. పైనుంచి ఏది పడినా ముందు తన మీదే పడాలని. యుద్ధం అయిపోయాక కూడా వాళ్ళు అక్కడే ఉన్నారు. కొన్నేళ్ళకు ప్రభుత్వంవాళ్ళు వచ్చి, తర్వాతి కాలంలో చేరిన కట్టడాలు తీసెయ్యాలని చెప్పి ఆమె గోడ, ఆమె పొయ్యి పడగొట్టారు. బోర్డు మీద చక్రవర్తి ఉన్నాడు, బిషప్పు ఉన్నాడు, జమీందారు ఉన్నాడు, మేకలు కూడా ఉన్నాయి. ఆమె లేదు. ఆమె పోయిన ఏడాదే ఈయన ఐర్లండు పడవెక్కాడు.

"ఇంట్లో కూడా ఆయనెప్పుడూ బోర్లా పడుకోలేదు డాక్టర్. ఎందుకో మేం అడగలేదు" అంది.

పాతికేళ్ళు బొమ్మ కింద నిలబడి అడగనివాణ్ణి, ఆమెను ఏమనగలను. నాకు అప్పుడు తెలిసింది. ఆయన బోర్లా పడుకోవడానికి భయపడటం లేదు. వీపు మీద ఎవరూ లేకుండా పడుకోవడానికి భయపడుతున్నాడు.

నేను మంచం ఎక్కలేను, గౌను చిరిగిపోతుంది. పక్కన కుర్చీ వేసుకుని, రెండు అరచేతులూ పక్కకు ఒత్తిగిలి ఉన్న ఆయన వీపు మీద ఆనించాను. కాస్త బరువు పడేలాగే ఆనించాను. నొన్నా ఇక్కడే ఉందని చెబుతూ పలకరించమని కూతురితో అన్నాను. ఆమె టాబ్లెట్ లోంచి ఏదో పాడుతున్నట్టు మాట్లాడింది. జూనియర్ అమ్మాయి భుజం పట్టి నెమ్మదిగా తిప్పింది. ఆయన ఒళ్ళు ఒకసారి బిగుసుకుంది. నా చేతులు కదలలేదు. తర్వాత ఆ ఒళ్ళు వదులైంది, ముఖం దిండు మీద పక్కకు వాలింది, ఆయన బోర్లా పడుకున్నాడు.

"భక్షాలు సార్" అంది ఆ అమ్మాయి.

యంత్రం మీద ఆక్సిజన్ అంకె నెమ్మదిగా పైకి కదిలింది. నేను చేతులు తీస్తే ఆయన కదిలేవాడు, పెడితే ఊరుకునేవాడు. అందుకని ఆ వారమంతా వార్డులో చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళెవరైనా వచ్చి ఆయన వీపు మీద కాసేపు పెట్టి వెళ్ళేవాళ్ళు. నర్సులు, తుడిచేవాళ్ళు, భోజనం తెచ్చేవాళ్ళు. నా డ్యూటీ అయ్యాక కూడా నేను కూర్చునేవాణ్ణి. గదికి పోతే వంకాయలు తప్ప ఎవరున్నారు. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో నేనొక మనిషిని ముట్టుకున్నది అక్కడే. ఆయనకు నా చేతులు ఎంత అవసరమో, నా చేతులకు ఆ వీపు అంతే అవసరమైంది.

తెలివి వచ్చాక నా పొరపాటు ఆయనకు చెప్పాను. బోర్లా పడుకునే నవ్వాడు. మీ మాట ఒకసారి అనమన్నాడు. నాన్నా అన్నాను. ఆయన నొన్నా అన్నాడు. అలా కాదు, నా అనేది బాగా సాగాలి అని, రోజూ కాస్త పాఠం చెప్పేవాణ్ణి. రాదని తల అడ్డంగా ఊపేవాడు.

మా ఆవిడకు ఫోనులో ఇదంతా చెప్పాను. సెలవు రోజున కారు నేవన్‌లో మా ఇంటి ముందు ఆపాను. ఆమె తలుపు తీసి, మెట్టు మీద డబ్బా పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. డబ్బాలో బొబ్బట్లు. అద్దం అవతల నుంచి ఫోనులో అంది, "పిల్లాడు బోర్లా పడ్డాడంటివి గదా, చెయ్యకుండా ఎట్టా ఉంటాను?" కారులో కూర్చుని ఆమెను చూస్తూ తిన్నాను. అలాంటి బొబ్బట్లు నేను మళ్ళీ తినలేదు, తినాలనీ లేదు.

ముసలాయన్ని ఇంటికి పంపే రోజున వార్డంతా వరండాలో నిలబడి చప్పట్లు కొట్టింది. నేను అప్పుడే గౌను విప్పి, మామూలు చొక్కాలో, ఉత్త మాస్కుతో బయట నిలబడ్డాను. చక్రాల కుర్చీలో నా ముందు నుంచి వెళుతూ ఆయన నాకు మర్యాదగా తల ఊపాడు, దారిలో ఎదురైనవాడికి ఊపినట్టు. కళ్ళు మాత్రం వెనక్కి, వార్డు వైపు, ఎవరికోసమో వెతికాయి. ఆ చేతులు నావేనని చెప్పొచ్చు. ఎందుకో చెప్పకుండానే పక్కకు జరిగాను. ఆ సాయంత్రం గదికి వెళ్ళి అన్నం కూడా వండుకోలేదు.

ఆంక్షలు కాస్త సడలాక నేను ఇంటికి తిరిగి వెళ్ళాను. ఒకరోజు దారిలో చిప్స్ షాపు తెరిచి కనిపిస్తే ఆగాను. లోపల నేల మీద దూరం పాటించమని గీతలు గీశారు. కూతురు మూకుళ్ళ దగ్గర హడావుడిగా ఉంది. వెనిగర్ ఎక్కువ వెయ్యమన్నాను, తల ఎత్తకుండానే సరేనంది. ముసలాయన కౌంటరు పక్కన కుర్చీలో, మాకు వీపు పెట్టి, బొమ్మను చూస్తూ కూర్చున్నాడు. నేను కూడా ఈసారి బొమ్మను సరిగ్గా చూశాను. రెండు స్తంభాల మధ్య ఎవరో వణికే చేత్తో కొత్తగా ఒక తాడు గీశారు. దాని మీద చిన్న చిన్న బట్టలు ఆరేసి ఉన్నాయి. కింద మూలన పొయ్యి, పొయ్యిలోంచి పొగ.

పొట్లం చేతికి వచ్చింది. చక్కగా బయటికి వచ్చేయొచ్చు. గీత దాటి రెండో చెయ్యి ఆయన వీపు మీద పెట్టాను.

ఆయన వెనక్కి తిరగలేదు. కాసేపు ఊపిరి బిగబట్టాడు. తర్వాత, గోడ మీది గుడినే చూస్తూ, నేను నేర్పినట్టు బాగా సాగదీసి, పొల్లుపోకుండా అన్నాడు.

"నాన్నా."

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లల్ని కూడా అలాగే పిలుస్తారని నేను ఆయనకు చెప్పలేదు. మా అమ్మ పోయాక నన్నెవరూ అలా పిలవలేదు. చిప్స్ చల్లారిపోయేదాకా చెయ్యి తీయలేదు.